కలము చెక్కుటలో తొలి పాఠము: దిమ్మె కొసలను సరిచేయుట

చేతితో చేసిన కలమును ఎవరైన మన చేతికిచ్చినపుడు మనము మొదట చూచునది దాని రంగు, నునుపు, బరువు. పని తెలిసినవాడు చూచునది వేరొకటి. అతడు ఆ కలమును వెలుతురునకు ఎదురుగ పట్టి, కర్రకును లోహపు ఉంగరమునకును నడుమనున్న అతుకును పరీక్షించును. అక్కడ సందు కనబడనిచో, గోటితో తడిమినను మెట్టు తగులనిచో, "ఈ పని నేర్చినవాడు చేసినదే" యని తలయూచును. మెరుగు అద్దినంతమాత్రమున వచ్చును. అతుకు అట్లు రాదు. అది కలము ఇంకను చతురస్రపు కర్రముక్కగ ఉన్నప్పుడే నిర్ణయమైపోవును.

ఈనాటి ప్రసంగము ఆ అతుకును గూర్చినదే. కలము చెక్కదలచినవారు కర్ర దిమ్మెలో బెజ్జము వేసి, అందు ఇత్తడి గొట్టము నతికించి, తరువాత ఆ దిమ్మె రెండు కొసలను గొట్టమునకు సరియైన లంబముగ కోసి చదును చేయవలెను. పని పది నిమిషములది. చూచుటకు ముచ్చటయైనదియు కాదు. అందుచేత క్రొత్తవారు దీనిని త్వరగ ముగించి తరిమెన యొద్దకు పరుగిడుదురు. మేము చూచినంతలో, చెడిపోయిన తొలి కలములలో పెక్కింటికి మూలము ఈ పది నిమిషములలోనే ఉన్నది.

గుంతకల్లు నుండి ఒక యువకుడు ఇటీవల మాకొక జాబు వ్రాసెను. ఇంటి వసారాలో చిన్న తరిమెన అమర్చుకొని, ఎండిపోయిన వేపకొమ్మనుండి దిమ్మెలు తీసి, కలములు చేయబూనెనట. మొదటి దిమ్మె అంచు పెచ్చులూడినది. రెండవది తిరుగునపుడు ఊగి, ఒక ప్రక్క పలుచబడి, లోపలి ఇత్తడి బయటపడినది. మూడవది నునుపుగనే వచ్చినది గాని, అన్నియు బిగించిన తరువాత ఉంగరము ప్రక్కన సన్నని సందు మిగిలిపోయినది. "ఈ పని నా చేతికి రాదేమో, మానివేయుదునా?" అని అతడు మమ్ము అడిగినాడు. ఇట్టి ప్రశ్న అతడొక్కనిదే కాదు కనుక, సమాధానమును అందరును వినునట్లు చెప్పుట మేలని తలచితిమి. ముందుగ ఒక్క మాట: ఆ మూడు దోషములును వేరువేరు దోషములు కావు. మూడును దిమ్మె కొసల దగ్గర పుట్టినవే.

గుంతకల్లు వంటి ఊరిలో ఈ ప్రశ్న పుట్టుట మాకు ఆశ్చర్యముగ తోచలేదు. బళ్ళారి, రాయచూరు, గుత్తి, డోను, అనంతపురముల వైపునుండి వచ్చు ఇనుపదారులు కలియు కూడలి యది. 1956లో రైల్వే డివిజనుకు ముఖ్యస్థానమైనది. ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండ చెక్కుట బ్రతుకుతెరువుగ గలవారు అచ్చట తరతరములుగ ఉన్నారు. తండ్రి ఇనుము చెక్కిన ఊరిలో కొడుకు కర్ర చెక్కబూనుట సహజమే. అయితే ఆ సీమలో కర్ర సులభముగ దొరకునది కాదు. సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడు మెట్టసీమలో వేపయు, తుమ్మయు, చింతయు, రేగును మెల్లమెల్లగ పెరుగును. అట్టి చెట్టు ఎండిపోయినపుడు దక్కిన చేవకర్రలో ఒక్కొక్క ముక్కయు విలువైనదే. ఆ ముక్కను కొస చెడగొట్టి పారవేయుట చిన్న నష్టముగ మేము తలపము.

కలము చెక్కుట మన తెలుగువారికి క్రొత్త విద్య కాదు. రాజమహేంద్రవరములో కోసూరి వెంకటరత్నముగారు స్వదేశోద్యమపు రోజులలో ఊటకలములు చేయ మొదలిడిరి. సామాన్యునికి పనికివచ్చు వస్తువును పూర్తిగ ఇచ్చటి సామగ్రితోనే చేయుమని గాంధీమహాత్ముడు వారిని ప్రోత్సహించెను. 1935లో వారు పంపిన కలము అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘపు కుమారప్పగారి ద్వారా గాంధీజీకి చేరెను. దానిని వాడిచూచి, అంగడిలోని విదేశపు కలములకు బదులుగ వాడదగినదని భావము వచ్చునట్లు ఆయన ఆ సంవత్సరమే జూలైలో జాబు వ్రాసిరి. ఆ కలములు ఎబొనైటు కడ్డీనుండి తరిమెన మీద చేతితో చెక్కబడినవి. రబ్బరుతో గంధకమును హెచ్చుపాలు చేర్చి, కాచి గట్టిపరచిన పదార్థమే ఎబొనైటు. గోదావరి ఒడ్డున ఆ పని నేటికిని సాగుచున్నది.

ఎబొనైటు కలములో ఇత్తడి గొట్టము ఉండదు. కడ్డీయే కలపు ఒడలు. పనివాడు కడ్డీని చక్కులో బిగించి, ముందుగ దాని కొసను ఉలితో అడ్డముగ కోసి చదును చేయును. పిమ్మట ఆ పట్టు విప్పకుండనే నడిబొడ్డున బెజ్జము వేసి, మరలు కోయును. ఈ వరుసలోనే రహస్యమంతయు ఉన్నది. కొసయు, బెజ్జమును, మరయు ఒకే పట్టులో కోయబడినవి కనుక, మూడును ఒకే ఇరుసును అనుసరించును. మధ్యలో కడ్డీని విప్పి మరల బిగించినచో ఇరుసు రవ్వంత మారును. మూత బిగించునపుడు ఆ రవ్వంత కనబడును. ఒకే పట్టులో ముగించుటకు వీలైనంత పనిని పట్టు విప్పక ముగించుట తరిమెన విద్యలో మొదటి నియమము.

ఇప్పుడు క్రొత్తవారు సాధారణముగ మొదలుపెట్టునది వేరు మార్గము. కలమునకు వలయు ముక్కు, ఉంగరము, పట్టీ, త్రిప్పు యంత్రము, రెండు ఇత్తడి గొట్టములు కలిపి కిట్ అను పేర అమ్ముచున్నారు. వీనిలో సన్నని రకమునకు 7 మిల్లీమీటర్ల గొట్టము వచ్చును. ముప్పాతిక అంగుళము చదరము, అయిదంగుళముల పొడవు గల దిమ్మెను రెండుగ కోసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క గొట్టమును అతికింతురు. ఇచ్చట బెజ్జము వేయు పట్టు ఒకటి, కోయు పట్టు వేరొకటి. నడుమ దిమ్మె చేతులు మారినది. కనుక పోయిన ఇరుసును మరల వెదకి పట్టుకొనవలసి ఉండును. దిమ్మె కొసలను సరిచేయుట యనగా ఈ వెదకి పట్టుకొనుటయే.

క్రొత్తవారు ఇచ్చటనే పొరబడుదురు. దిమ్మె బయటి ప్రక్కకు మూలమట్టము ఆనించి, కొస సరిగనే ఉన్నదని సంతోషింతురు. బెజ్జము దిమ్మె నడుమ ఖచ్చితముగ నిలువునకే పోయినచో ఆ సంతోషము నిలుచును. కాని బరమా మొన కర్రలోని గట్టినారకు తగిలి ప్రక్కకు ఒరుగుట తరచుగ జరుగును. అప్పుడు బయటి ముఖము ఒక మాట, లోపలి బెజ్జము ఒక మాట చెప్పును. బయటి ముఖమంతయు తరువాత తరిమెన మీద చెక్కబడి పొట్టుగ రాలిపోవునదే. నిలుచునది గొట్టము. కావున కొసకు కొలత గొట్టమే కాని బయటి చతురస్రము కాదు.

మన పల్లెలలో బండిచక్రము చేయు వడ్రంగికి ఈ సంగతి చెప్పవలసిన పనిలేదు. చక్రపు అంచు ఎంత గుండ్రముగ ఉన్నను, కుంభములో ఇరుసు బెజ్జము వాలుగ పడినచో బండి దారి పొడవునను ఊగుచునే పోవును. రైలు చక్రమును సరిచేయువారును దానిని ఇరుసుతో సహా పెద్ద తరిమెనకెత్తి, ఆ ఇరుసునే కేంద్రముగ పెట్టుకొని చెక్కుదురు. కలపు దిమ్మెకు ఇత్తడి గొట్టమే ఇరుసు.

కొస కొంచెము వాలుగ ఉన్నచో ఏమగునో లెక్క చూతము. పూర్తియైన కలపు ఒడలు వ్యాసము 10 మిల్లీమీటర్లనుకొందము. కొస ఒక్క డిగ్రీ వాలినచో ఒక అంచునకును ఎదుటి అంచునకును నడుమ ఎత్తులో తేడా 0.17 మిల్లీమీటరు వచ్చును. ఇది దాదాపు రెండు వ్రాతకాగితముల మందము. లోహపు ఉంగరము దానిమీద కూర్చుండినపుడు ఒక ప్రక్క అతుకుకొనును, రెండవ ప్రక్క ఆ రెండు కాగితముల సందు మిగులును. కన్ను దానిని తప్పక పట్టుకొనును.

ఇంతకంటె పెద్ద కీడు మరియొకటి కలదు. దిమ్మెలను తిప్పుటకు మాండ్రెల్ అను సన్నని ఉక్కుకడ్డీకి తొడిగి, అటునిటు బుష్‌లు పెట్టి, కొసన మర బిగింతురు. ఆ కడ్డీ మందము సుమారు 6 మిల్లీమీటర్లు. వాలుగనున్న కొసమీద మర బిగించినపుడు ఆ ఒత్తిడి ఒక ప్రక్కనే పడి కడ్డీ వంగును. వంగిన కడ్డీ మీద చెక్కిన కర్ర, గొట్టమునకు సమముగ చుట్టును ఉండదు. ఒక ప్రక్క మందము, ఒక ప్రక్క పలుచన. గుంతకల్లు యువకుని రెండవ దిమ్మెలో ఇత్తడి బయటపడుటకు ప్రధాన కారణము ఇదే కావచ్చును. అతడు ఉలిని నిందించుకొన్నాడు. ఉలి చేసిన తప్పు అందులేదు.

ఇక పని వరుస చెప్పెదము. మొదట కర్ర ఆరవలెను. కర్ర ఆరునపుడు పొడవునకు తగ్గునది వెయ్యింట ఒకటి రెండు పాళ్ళే. అడ్డమునకు నూటికి మూడు మొదలు పది పాళ్ళ వరకు తగ్గును. ఇత్తడి ఏమాత్రమును తగ్గదు. పచ్చికర్రలో గొట్టమతికించినచో, కర్ర గొట్టము చుట్టు బిగుసుకొని నిలువున పగులును. అనంతపురపు పొడిగాలిలో కర్ర త్వరగ ఆరునన్నది నిజమే. కాని పైన త్వరగ ఆరి లోపల పచ్చిగ ఉండుట మరింత అపాయము. కొసలకు మైనము పూసి, నీడలో, గాలి తగులుచోట పేర్చి ఉంచవలెను. అప్పుడప్పుడు ఒక ముక్కను తూచి చూడవలెను. తూకము తగ్గుట నిలిచినపుడు కర్ర ఆరినదని తెలియును.

ఎర్రచందనమును గూర్చి ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. అందమైన కర్రయే గాని, అడవి చట్టముల కాపుదలలోనున్న చెట్టు. ఎవరో తెచ్చి ఇచ్చిన ముక్కను ఎట్టిదో ఎరుగక తరిమెనకెత్తుట తగదు. తుమ్మ చేవ, చింత చేవ, రేగు, వేప కలమునకు చాలును.

దిమ్మెను గొట్టము కంటె రెండు మూడు మిల్లీమీటర్లు పొడవుగ కోయవలెను. ఇంతకంటె తక్కువైనచో కొస సరిచేయుటకు కర్ర మిగులదు. ఎక్కువైనచో కోయు పని పెరిగి పండ్లు మొద్దుబారును. కోయుటకు ముందే రెండు ముక్కలమీద నార కలియునట్లు గుర్తు పెట్టుకొనవలెను. బెజ్జము వేయునపుడు బరమాను మాటిమాటికి పైకి తీసి పొట్టు రాల్చవలెను. పొట్టు నిండిన బెజ్జము వేడెక్కి కర్రను పగులగొట్టును. మొన అవతలికి వచ్చుచోట అడుగున వేరొక చెక్క ఆనించినచో పెచ్చులూడదు.

గొట్టపు పైభాగమును గరుకు కాగితముతో, అనగా మన వడ్రంగులు ఉప్పుకాగితమను దానితో, మెరుపు పోవునట్లు రుద్దవలెను. నునుపైన ఇత్తడికి జిగురు పట్టదు. జిగురు గొట్టము లోనికి పోకుండ రెండు కొసలను మైనముతోనో, ఉర్లగడ్డ బిళ్ళతోనో మూయవచ్చును. గొట్టమును త్రిప్పుచు లోనికి నెట్టినచో జిగురు చుట్టును సమముగ పరచుకొనును. జిగురు పూర్తిగ గట్టిపడువరకు ఆగవలెను. మెత్తని జిగురుతో కొస కోయబోయినచో గొట్టము లోపలనే తిరుగును. ఆరిన పిమ్మట లోపలి మూతను తీసి, అంటిన జిగురును సన్నని కత్తితో గీకివేయవలెను. లోపల ఒక బొట్టు జిగురు మిగిలినను, తరువాత పెట్టు కడ్డీ ఒరుగును, కొస వాలును.

కొసలు సరిచేయుటకు ప్రధానముగ మూడు విధములు కలవు. మొదటిది పెన్ మిల్ లేక బ్యారెల్ ట్రిమ్మర్ అను పనిముట్టు. ఇందు గొట్టములో ఇమిడిపోవు ఒక ఉక్కుకడ్డీయు, దాని మీద అడ్డముగ నాలుగో, ఆరో పండ్లు గల కోతతలయు ఉండును. కడ్డీ గొట్టములోనికి పోయినపుడు పండ్లు కొసమీద పడి, తిరుగుచు, గొట్టమునకు సరియైన లంబముగ కోయును. ఇరుసును వెదకి పట్టుకొను పని కడ్డీది. కోయు పని పండ్లది. దీనిని చేతితో త్రిప్పవచ్చును, నిలువు డ్రిల్లులో బిగించి నడుపవచ్చును. యంత్రముతో నడిపినచో నిమిషమునకు 500 చుట్లకు మించనీయక, దిమ్మెను గట్టిగ పట్టు సాధనములో బిగించి, తేలికగ ఆనించవలెను.

ఈ పనిముట్టుతో మూడు జాగ్రత్తలు. ఒకటి, కడ్డీ గొట్టములో వదులుగ ఉండరాదు. పెద్ద గొట్టమునకు చిన్న కడ్డీ వాడవలసివచ్చినచో, కడ్డీకి సరిపడు తొడుగు వేయవలెను. లేదా సన్నని పట్టీ సమముగ చుట్టి బిగువు తేవలెను. రెండు, పండ్లు పదునుగ ఉండవలెను. మొద్దుబారిన పండ్లు కర్రను కోయవు, చీల్చును. యువకుని మొదటి దిమ్మె పెచ్చులూడుటకు ఇదియో, మితిమీరిన ఒత్తిడియో కారణము. వజ్రపుపొడి ఆకురాతితో పండ్ల ముందరి ముఖమును మాత్రమే, అన్ని పండ్లకును లెక్కపెట్టి సమముగ రుద్దినచో పదును వచ్చును. మూడు, ఇత్తడి చుట్టును సన్నని వలయముగ తళుక్కుమన్న క్షణమున ఆగవలెను. ఆ తరువాత కోయు ప్రతి చుట్టును గొట్టపు పొడవును తగ్గించును. గొట్టము పొట్టియైనచో వ్రాతమొన తిరిగి లోనికి పోక బయటనే నిలుచును. ఒక ప్రక్కనే ఇత్తడి కనబడి రెండవ ప్రక్క కర్ర మిగిలియున్నచో ఇంకను ముగియలేదని తెలిసికొనవలెను.

రెండవ విధము గరుకు బిళ్ళతో అరగదీయుట. పెళుసు కర్రకును, అడ్డనార గల కర్రకును, ఎముక, కొమ్ము, ఆక్రిలిక్ వంటి వానికిని ఇదే మేలు; పండ్లు వీనిని పెచ్చులు లేపును. తిరుగు బిళ్ళకు సరియైన లంబముగ ఒక కడ్డీని చట్రములో అమర్చి, దిమ్మెను దానికి తొడిగి మెల్లగ బిళ్ళవైపు జరుపవలెను. తరిమెన ఉన్నవారికి వేరొక యంత్రము అక్కరలేదు. తల వైపున గరుకు కాగితము అతికించిన చదునైన బిళ్ళను బిగించి, తోకవైపు చక్కులో కడ్డీని పట్టించినచో, తరిమెన తనంత తానే ఇరుసును కాపాడును. అయితే బిళ్ళ చదునుగ, ఊగక తిరుగుచున్నదో లేదో ముందుగ చూడవలెను. ఇందు జాగ్రత్త వేడిమిని గూర్చినది. ఎక్కువసేపు అదిమిపట్టినచో ఇత్తడి కాగి జిగురు వదలును. ఆనించి, తీసి, వ్రేలితో తాకి చూచి, మరల ఆనించుట పద్ధతి.

మూడవది యంత్రము లేనివారిది. మందమైన చదును ఇనుపపలక నడుమ, దానికి ఖచ్చితముగ నిలువుగ, గొట్టములో బిగువుగ ఇమిడిపోవు ఉక్కుకడ్డీని దిగగొట్టించవలెను. పలకమీద నడుమ రంధ్రము చేసిన గరుకు కాగితమును అతికించవలెను. దిమ్మెను కడ్డీకి తొడిగి, పలకకు ఆనించి, చేతితో అటునిటు త్రిప్పుచు అరగదీయవలెను. ఆలస్యమైనను తప్పు జరుగుట అరుదు. పని మెల్లగ సాగును కనుక ఎప్పుడు ఆపవలెనో కంటికి తెలియును. గుంతకల్లులో తరిమెన పని తెలిసిన ఏ పెద్దను వినయముగ అడిగినను ఇట్టి పలక ఒకటి చేసియిచ్చుటకు పూటసేపు పట్టదు. ఒకసారి చేసినది ఏండ్లతరబడి ఉపయోగించును. తొలి కలము చేయువారికి మేము దీనినే ముందుగ చెప్పుదుము.

కొస సరియైనదో లేదో తెలిసికొనుటకు వెలగల కొలముట్టులు అక్కరలేదు. కొసనంతయు సీసపు కలముతో నల్లగ గీయుడు. పనిముట్టుతో మరియొక్క తేలికపాటి చుట్టు త్రిప్పుడు. నలుపు అంతయు ఒక్కమారుగ పోయినచో కొస చదునైనది. ఒక ప్రక్క నలుపు మిగిలినచో అచ్చట పల్లము ఉన్నదన్నమాట. రెండవ పరీక్ష: గొట్టములోనికి కడ్డీని తొడిగి, దానిమీదనే బుష్‌ను జరిపి కొసకు ఆనించి, దీపమునకు ఎదురుగ పట్టి చుట్టును త్రిప్పి చూడుడు. ఎచ్చటను వెలుతురు గీత కనబడరాదు. మాండ్రెలుకు ఎక్కించుటకు ముందు ఈ రెండు పరీక్షలును జరిగినచో, తరువాత పశ్చాత్తాపము చాలవరకు తప్పును.

అంచు చిన్నపెచ్చుగ ఊడినంతమాత్రమున దిమ్మెను పారవేయనక్కరలేదు. ఊడిన పెచ్చును వెదకి, త్వరగ పట్టు పలుచని జిగురుతో అదేచోట అతికించి, ఆరిన పిమ్మట మరల తేలికగ సరిచేయవచ్చును. ఆ భాగము తరువాత పొట్టుగ రాలునది అయినచో అసలు చింతలేదు. పెచ్చు దొరకనిచో, కొసన వేరొక రంగు కర్రతో పలుచని బిళ్ళనతికించి, దానినే అలంకారముగ నిలుపువారును కలరు. గొట్టము కొద్దిగ పొట్టియైనచో, త్రిప్పు యంత్రమును నెట్టునపుడు కొంచెము తక్కువ లోతునకు దింపి, వ్రాతమొన లోనికి పోవుచున్నదో లేదో చూచుకొనుచు సర్దవచ్చును. సరిదిద్దుటకు వీలైనవి ఇన్ని ఉండగ, మూడు దిమ్మెలు చెడినవని పని విడుచుట తొందరపాటు.

దేహరక్షణ కూడ పనిలో భాగమే. కర్రపొడియు, ఎబొనైటు పొడియు ఊపిరితిత్తులకు మంచివి కావు. ముక్కునకును నోటికిని గుడ్డ కట్టవలెను, కన్నులకు అద్దములు పెట్టవలెను. వ్రేలాడు చేతులు గల చొక్కాలు, కండువాలు, స్త్రీలైనచో పైటకొంగు, విప్పిన జడ తిరుగు యంత్రము దగ్గరకు రానీయరాదు. దిమ్మెను వ్రేళ్ళతో పట్టుకొని యంత్రపు పండ్లకు ఆనించుట ఎన్నటికిని కూడదు. చిన్నపిల్లలు చూచుటకు వచ్చినచో దూరముగ కూర్చుండబెట్టి చూపుడు. చూచుటవలననే సగము విద్య పట్టువడును.

ఆ యువకునకు మా సమాధానము ఇదియే. మీ చేతిలో లోపము లేదు. మొదటి దిమ్మె దగ్గర పదును, రెండవదాని దగ్గర లంబము, మూడవదాని దగ్గర పరీక్ష కొరవడినవి. ఈసారి నాలుగవ దిమ్మెను కలము చేయుటకై కాక, కొస సరిచేయుట నేర్చుకొనుటకై తీసికొనుడు. విలువలేని కర్రముక్కలో బెజ్జము వేసి, గొట్టమతికించి, కొస సరిచేసి, నలుపు పూసి పరీక్షించి, మరల కోసి, మరల పరీక్షించుడు. అట్లు పదిసార్లు చేసిన సాయంకాలము వృథా పోదు. పిమ్మట చేవగల వేపముక్కను ముట్టుకొనుడు.

కలము చిన్న వస్తువు. బడిపిల్లవాని జేబులోనో, గుమస్తా బల్లమీదనో, దూరదేశమందున్న బిడ్డకు జాబు వ్రాయు తల్లి చేతిలోనో అది పనిచేయును. వ్రాయువారు అతుకును గూర్చి తలపరు. తలపవలసిన అవసరము రాకుండుటయే పనివాని గౌరవము. మెట్టసీమలో ఏండ్లతరబడి పెరిగిన చెట్టు ముక్కయొకటి అట్టి ఉపయోగమునకు వచ్చుటకు, దాని కొసల దగ్గర పది నిమిషముల ఓపిక చాలును. ఈ పని చేయబూనినవారు ఇత్తడి వలయము తళుక్కుమన్నచోట ఆగుట నేర్చినచో, తక్కిన విద్య తరిమెనయే నేర్పగలదు.